కూత తెగలేదు

2023 అక్టోబరు 7, శనివారం. బందరు కోనేరు సెంటరులో ఆటోల రొద ఇంకా మొదలు కాలేదు. టీ బడ్డీ మీద పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టిన నా ఫోనులో చైనాలోని హాంగ్‌ఝౌ కనిపిస్తోంది. గీత మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో విల్లు. విల్లంటే మనం నాటకాల్లో చూసే వెదురుబద్ద కాదు, రెండు కొసలకీ బావి గిలకల్లాంటివి బిగించిన యంత్రం.

పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే బాబాయ్ ఓ కన్ను ఇటు వేశాడు.

"ఏంటబ్బాయ్, క్రికెట్టా?"

"కాదు బాబాయ్, బాణాలాట. ఏషియన్ గేమ్స్ ఫైనలు."

"ఎవరమ్మాయి?"

"మన చల్లపల్లి పిల్లే."

గరిటె ఆగింది. "చల్లపల్లా! ఎవరి తాలూకు?"

కృష్ణా జిల్లాలో ఇంటిపేరు చెబితే గాని మనిషి కుదురుగా నిలబడడు. వెన్నం వారమ్మాయి, జ్యోతి సురేఖ అని చెప్పాను. బాబాయ్ కాసేపు లోపల్లోపల చుట్టరికాలు వెతుక్కున్నాడు. దొరకలేదు. అయినా స్టవ్వు తగ్గించి వచ్చి పక్కన నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అమ్మాయి విల్లెత్తింది. బడ్డీ దగ్గరున్న నలుగురమూ ఊపిరి బిగబట్టాం. ఆ అమ్మాయికి అది రోజూ చేసే పనే. మాకు మాత్రం ఛాతీ నొప్పెట్టింది.

ఈ కథంతా ఆ బిగబట్టిన ఊపిరిదే.

బందరు నుంచి అవనిగడ్డ బస్సెక్కితే గంటలోపే చల్లపల్లి వస్తుంది. రాజావారి కోట ఉన్న ఊరు. ఇంకాస్త ముందుకెళ్తే పులిగడ్డ, అక్కడ కృష్ణమ్మ రెండుగా చీలి దివిసీమను ఒడిలో పెట్టుకుని సముద్రం దారి పడుతుంది. నీళ్లతో ఈ ప్రాంతానికున్న లావాదేవీ అందరికీ తెలిసిందే. నీళ్లు అన్నం పెట్టాయి, 1977 నవంబరు ఉప్పెనలో అదే నీళ్లు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టాయి. ఇక్కడ పుట్టిన పిల్లకు ఈత నేర్పించడం ముచ్చట కోసం కాదు. సురేఖ 1996 జులై 3న పుట్టింది. తండ్రి సురేంద్రకుమార్ పశువైద్యుడు. అంతకుముందు కబడ్డీ ఆటగాడు. ఉద్యోగం విజయవాడలో.

కబడ్డీ అని ఇప్పుడంటున్నాం గాని మా చిన్నప్పుడు దాన్ని చెడుగుడు అనేవాళ్లం. ఆటలో బలమున్నవాడి కంటే కూత ఉన్నవాడిదే పెత్తనం. గీత దాటి అవతలి బరిలోకి వెళ్లినవాడు తిరిగి తన గీత తాకేదాకా కూత తెగకూడదు. తెగితే అవుటు. ఆరుగురు మీదపడి తొక్కుతున్నా లోపల దాచుకున్న గాలిని పిసినారిలా కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకోవాలి. అలాంటి ఆట ఆడిన తండ్రి కూతుర్ని నీళ్లలోకి దింపాడంటే ఊపిరి విలువ తెలిసే దింపాడని నా నమ్మకం. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అన్నమాట కాదు.

పిల్లకు అయిదేళ్లు నిండలేదు. విజయవాడ. ఇంద్రకీలాద్రి నీడ పడే కృష్ణ. ప్రకాశం బ్యారేజీ అడ్డుకట్టకు పైన నది నిండుగా, చప్పుడు లేకుండా ఉంటుంది. గట్టు మీద నుంచి చూస్తే చెరువంత సాధువు. దిగితే గాని లోపలి లాగుడు తెలీదు. ఆ నదిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మళ్లీ ఇటు, మళ్లీ అటు, మూడుసార్లు దాటింది ఆ పిల్ల. మొత్తం 5 కిలోమీటర్లు. పట్టిన సమయం 3 గంటల 20 నిమిషాల 6 సెకన్లు. లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌లోకి ఎక్కింది. చివరి ఆ 6 సెకన్లు కూడా వదలకుండా రాసుకున్నారు చూశారా, లెక్క అంత గట్టిది.

నేను కాగితం తీసుకుని లెక్కేశాను. నిమిషానికి 25 మీటర్లు. ఒక కరెంటు స్తంభం దగ్గర నుంచి రెండో స్తంభం దగ్గరికి చేరడానికి నిమిషంన్నర, రెండు నిమిషాలు. ఒడ్డున నిలబడ్డ తల్లికి ఆ చిన్న నల్ల తల కదులుతున్నట్టే అనిపించి ఉండదు. చెయ్యి పైకి లేస్తుంది, నీళ్లలో పడుతుంది. ముఖం పక్కకు తిరుగుతుంది, గాలి పీలుస్తుంది, మళ్లీ మునుగుతుంది. ఇలా 200 నిమిషాలు. మన ఇళ్లలో ఆ వయసు పిల్లలు అన్నం ప్లేటు ముందు 20 నిమిషాలు కుదురుగా కూర్చోరు.

ఇలా ఈదే పిల్లను ఈతలోనే ఉంచాలి కదా అంటారు ఎవరైనా. కాని ఆటల చరిత్రలో పాత దారి నుంచి పక్కకు తిరిగినవాళ్ల కథలే నాకు రుచిగా అనిపిస్తాయి. రష్యాలో అన్ఫీసా రెజ్త్సోవా అనే ఆవిడ ఉండేది. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో మంచు మీద దూరపు స్కీయింగ్ రిలేలో సోవియట్ జట్టుతో బంగారం గెలిచింది. తర్వాత ఆట మార్చి బయాథ్లాన్‌కు వెళ్లింది. బయాథ్లాన్ అంటే వీపున తుపాకీ తగిలించుకుని మంచు మీద ప్రాణం పోయేలా స్కీయింగ్ చెయ్యాలి, ఉన్నట్టుండి ఆగి, దడదడలాడే గుండెతో 50 మీటర్ల దూరంలోని గురిని కాల్చాలి, మళ్లీ పరుగందుకోవాలి. స్ప్రింట్‌లో తప్పిపోయిన ప్రతి గుండుకూ 150 మీటర్ల శిక్ష చుట్టు. 1992లో ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్ స్ప్రింట్‌లో ఆవిడ మూడు గుళ్లు తప్పింది, మూడు శిక్ష చుట్లూ తిరిగింది, అయినా బంగారం ఆవిడదే. శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు వేర్వేరు ఆటల్లో బంగారం గెలిచిన మొదటి మహిళ. ఊపిరి ఎక్కడ వదలాలో, ఎక్కడ బిగబట్టాలో తెలిసినవాళ్లకు ఆట మారినా పనిముట్టే మారుతుంది.

సురేఖకు పనిముట్టు మారింది పదకొండో ఏట. విజయవాడలో అప్పటికే విలువిద్య వేళ్లూనుకుంది. చెరుకూరి సత్యనారాయణ నడిపే అకాడమీ పేరు వోల్గా. రష్యా నది పేరు. మన జిల్లాల్లో ఒక తరం తండ్రులు పిల్లలకు లెనిన్, వోల్గా అని పేర్లు పెట్టుకున్న రోజులవి. ఆ వోల్గా ఆయన కూతురే. రోడ్డు ప్రమాదంలో పోయింది. కొడుకు లెనిన్ మంచి విలుకాడు, శిక్షకుడు. 2010లో అతనూ రోడ్డు ప్రమాదంలోనే పోయాడు. ఇద్దరు పిల్లల్ని రోడ్డుకిచ్చుకున్న ఇంటి నుంచి ఊరికి విల్లు పట్టడం అలవాటైంది. దీని గురించి వేరే కథ రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

విల్లు అనగానే పత్రికలవాళ్లం అర్జునుణ్ణి, చెట్టు మీద పిట్ట కన్నునీ పట్టుకొస్తాం. నేను తీసుకురాను. పైగా ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడని బెజవాడవాళ్లు ఎటూ రోజూ చెబుతూనే ఉంటారు. సురేఖ విల్లు అర్జునుడికి అర్థం కానిది. దాన్ని కాంపౌండ్ అంటారు. తాడు లాగుతున్నప్పుడు బరువంతా చేతి మీద పడుతుంది. పూర్తిగా లాగాక కొసల్లో ఉన్న గిలకలు తిరిగి, బరువులో చాలా భాగం అవే మోస్తాయి. అంటే లాగడం కష్టం, లాగి నిలపడం తేలిక. తేలికే కదా అంటే అక్కడే ఉంది చిక్కు. బరువు తగ్గగానే చెయ్యి వణుకు బయటపడుతుంది. తాడులో చిన్న కంతలాంటిది, ముందు భూతద్దం, అందులో గాలి బుడగ మట్టం. ఆ కంతలోంచి భూతద్దంలోకి, భూతద్దంలోంచి గురికి చూపు పోవాలి. తాడును వేళ్లతో వదలరు, చేతిలోని చిన్న పరికరం వదిలిస్తుంది. గురి దూరం 50 మీటర్లు. ఆ పిల్ల కృష్ణలో రెండు నిమిషాలు ఈదిన దూరం. మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డం 8 సెంటీమీటర్లు, మన టీ గ్లాసు మూతికి కాస్త పెద్దది. ఒక్కో బాణానికి 20 సెకన్లు. మ్యాచికి 15 బాణాలు, అన్నీ పదులైతే 150.

ఈ స్థాయిలో అందరూ పదులే కొడతారు. అందుకే గెలుపోటములు తొమ్మిదిల్లో ఉంటాయి. ఎవరి చెయ్యి ఎప్పుడు వెంట్రుకవాసి కదిలిందన్నదే ప్రశ్న.

2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో జట్టుకు కాంస్యం. అప్పటికి సురేఖకు 18 ఏళ్లు. తర్వాత వడ్డేశ్వరంలో కేఎల్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువు. 2017లో అర్జున అవార్డు. అర్జునుణ్ణి తీసుకురానన్నాను, ప్రభుత్వమే తెచ్చింది. 2018 జకార్తాలో జట్టు ఫైనల్లో కొరియా చేతిలో 228-231 తేడాతో ఓడి రజతం. ఆ కొరియా జట్టులో సో చేవాన్ అనే అమ్మాయి ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 2019లో నెదర్లాండ్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2021లో అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో 15 బాణాలకు 150 కొట్టింది. ఫైనల్లో కొలంబియా ఆటగత్తె సారా లోపెజ్ 146, మనమ్మాయి 144. విడిగా ఒక రజతం, జట్టుతో ఒకటి, అబ్బాయి, అమ్మాయి జంటగా ఆడే మిక్స్‌డ్‌లో ఒకటి, మూడూ రజతాలే. మూడుసార్లు గడపదాకా వచ్చి గడప దాటని బాధ ఎలా ఉంటుందో రజతం గెలిచినవాళ్లకే తెలుస్తుంది. కాంస్యం గెలిచి దిగుతారు. రజతం ఓడి దిగుతారు. అదే ఏడాది నవంబరులో ఢాకాలో ఆసియా చాంపియన్‌షిప్ ఫైనల్లో కొరియా అమ్మాయి మీద 146-145. ఒక్క పాయింటుతో బంగారం.

ఇక 2022. ఆ సెప్టెంబరులో హాంగ్‌ఝౌలో ఏషియన్ గేమ్స్ జరగాలి. వాటికి జట్టును ఎంచే సెలక్షన్ ట్రయల్స్‌లో సురేఖకు చోటు దక్కలేదు. ఆసియా చాంపియన్, ప్రపంచ రజత విజేత, జట్టులో లేదు. విలువిద్యలో పాత పతకాలు లెక్కలోకి రావు, ట్రయల్స్‌లో వేసిన బాణాలే మాట్లాడతాయి. న్యాయమేనంటారు. న్యాయమైనా నెప్పి నెప్పే.

అంతలో మే 6న కబురు. చైనాలో కోవిడ్ తగ్గలేదు, పోటీలు వాయిదా. ఎంపికైనవాళ్లకు పిడుగు, మిగిలిపోయినవాళ్లకు చినుకు. ఏడాది ఆగి కొత్త తేదీలు, కాబట్టి కొత్త ట్రయల్స్. కూత తెగిందనుకున్న ఆటగాడికి రిఫరీ ఈల వేసి మళ్లీ మొదలుపెట్టమన్నట్టయింది. చెడుగుడులో అలా జరగదు, జీవితంలో ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. జూన్ నెలలో పారిస్ ప్రపంచకప్‌లో అభిషేక్ వర్మతో కలిసి మిక్స్‌డ్ బంగారం. ప్రపంచకప్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్‌లో భారత్‌కు అదే తొలి బంగారం. అదే పోటీల్లో విడిగా ఫైనల్‌కు వెళ్లి, స్కోరు సమానమై, ఒకే ఒక్క బాణం తేల్చే షూటాఫ్‌లో బ్రిటన్ అమ్మాయి ఎల్లా గిబ్సన్ చేతిలో ఓడింది. ఈ పేరూ గుర్తుపెట్టుకోండి.

2023 ఏప్రిల్, టర్కీలోని అంతాల్యా. 72 బాణాల క్వాలిఫికేషన్ రౌండులో 720కి 713, అప్పటి ప్రపంచ రికార్డుతో సమానం. ఫైనల్లో ఎదురుగా సారా లోపెజ్. యాంక్టన్ బాకీ తీరింది.

ఆగస్టు, బెర్లిన్. ప్రపంచ చాంపియన్‌షిప్. సురేఖ, అదితి స్వామి, పర్ణీత్ కౌర్ ముగ్గురూ ఫైనల్లో మెక్సికోను 235-229తో ఓడించారు. ప్రపంచ విలువిద్య పోటీల్లో భారత్‌కు అన్ని విభాగాల్లో కలిపి అదే మొదటి బంగారం. అంతదాకా దేశానికి రజతాలూ కాంస్యాలే.

కాని నాకు బెర్లిన్‌లో ఆ తర్వాతి రోజే ఎక్కువ గుర్తు. వ్యక్తిగత సెమీఫైనల్. ఎదురుగా నిలబడింది అదితి స్వామి. సతారా పిల్ల, 17 ఏళ్లు. నిన్న పక్కన నిలబడి జట్టు బాణాలు వేసింది, ఈ రోజు అటు గీత మీద ఉంది. సురేఖకు 27. పదకొండేళ్ల పిల్లగా విల్లు పట్టిన దగ్గర నుంచి ఎదురు చూస్తున్న ప్రపంచ టైటిల్‌కు రెండు మ్యాచుల దూరం. అదితి 149 కొట్టింది. సురేఖ 145. అదితి ఫైనల్ కూడా గెలిచి ప్రపంచ చాంపియన్ అయింది.

ఓడిన మనిషి వెంటనే ఇంటికి వెళ్లడానికి లేదు. కాంస్యం కోసం మళ్లీ ఆడాలి. మనలో ఎవరికైనా తెలుసు కదా, పెళ్లిలో అలిగిన మనిషి బంతిలో కూర్చోవడం ఎలా ఉంటుందో. చెయ్యి విస్తట్లో ఉంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. సురేఖ వెళ్లి టర్కీ అమ్మాయి ఇపెక్ తోమ్రుక్ ముందు నిలబడింది. విల్లెత్తింది. పది. మళ్లీ పది. మూడు బాణాల తర్వాత ముప్ఫై, ఆరు తర్వాత అరవై. పదిహేనో బాణం దాకా ఒక్క తొమ్మిదీ రాలేదు. 150కి 150. ఆ స్కోరు ఒక గంట ముందు వచ్చి ఉంటే ఫైనల్లో ఉండేది. కాంస్యం మ్యాచిలో వచ్చింది. అందుకే ఆ 150 నాకు బంగారం కంటే బరువుగా తోస్తుంది. ఓడిన మనిషి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆమె చెప్పినట్టు విన్నది.

రెండు నెలలకు హాంగ్‌ఝౌ. ఏడాది కిందట తలుపు వేసేసిన పోటీ. అక్టోబరు 4న ఓజస్ దేవ్‌తలేతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్లో కొరియా మీద 159-158. మర్నాడు జట్టు ఫైనల్లో చైనీస్ తైపీ మీద 230-229. రెండూ ఒక్కొక్క పాయింటు. ఏ ఒక్క బాణం వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆ మ్యాచి షూటాఫ్‌కు వెళ్లేది. వ్యక్తిగత సెమీఫైనల్లో మళ్లీ అదితి. ఈసారి సురేఖ 149, అదితి 146.

టీ బడ్డీ దగ్గరికి వద్దాం. ఫైనల్లో ఎదురుగా ఉన్నది సో చేవాన్. అయిదేళ్ల కిందట జకార్తాలో మన జట్టును ఓడించిన కొరియా ముగ్గురిలో ఒకతె, మూడు రోజుల కిందటి మిక్స్‌డ్ ఫైనల్లోనూ ఎదురుగా నిలబడ్డ మనిషి.

బాబాయ్‌కి వలయాలు, పాయింట్లు చెప్పే ఓపిక నాకు లేదు. పసుపులో పడితే మంచిది, నడి పసుపులో పడితే ఇంకా మంచిది అన్నాను. ఆ మాత్రం చాలింది. బాణం పడ్డ ప్రతిసారీ "పసుపే" అంటున్నాడు. కొరియా అమ్మాయి బాణాలు కూడా పసుపులోనే పడుతుంటే ముఖం మాడ్చుకున్నాడు. నేను మాత్రం ఆమె భుజాన్నే చూస్తున్నాను. విల్లు ఎత్తేటప్పుడు భుజం లేస్తుంది, ఛాతీ నిండుతుంది. తాడు గడ్డం దగ్గరికి వచ్చాక భుజం దిగుతుంది, గాలి సగం బయటికి పోతుంది. ఆ మిగిలిన సగంతో ఆగుతుంది. తెర మీద అంతా బొమ్మలా నిలిచిపోతుంది. ఫోను నెట్టు ఆగిపోయిందేమోనని బాబాయ్ వేలు పెట్టబోయాడు. అంతలో బాణం వెళ్లిపోయింది.

పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. 149-145. మూడో బంగారం.

బడ్డీ దగ్గర చప్పట్లేమీ లేవు, నలుగురమే కదా. రిక్షా దిగి టీకి వచ్చిన పెద్దాయన "మనోళ్లు గెలిచారా?" అని అడిగాడు. "చల్లపల్లి గెలిచింది" అన్నాడు బాబాయ్. నా దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు. తర్వాత అడిగిన ప్రశ్నతో మాత్రం నన్ను ఇరుకున పెట్టాడు.

"అయితే ఒలింపిక్స్‌లో కూడా కొడుతుంది కదా?"

"ఒలింపిక్స్‌లో ఈ విల్లు లేదు బాబాయ్. అక్కడ గిలకలు లేని విల్లే. రికర్వ్ అంటారు."

"అదేంటి! ఇంత కొట్టినా లేదా?"

లేదు. అప్పటికి లేదు. పిల్లప్పటి నుంచి పతకాలు మూటగట్టినా, నాలుగేళ్లకోసారి లోకమంతా టీవీ ముందు కూర్చునే రోజున సురేఖ కూడా మనలాగే టీవీ ముందు కూర్చోవాలి. పేరు ఇంటింటికీ ఎందుకు తెలియలేదని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

ఆ తర్వాతా ఆమె ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచకప్‌లో ఒకే పోటీలో మూడు బంగారాలు. 2025 అక్టోబరులో నాన్‌జింగ్‌లో ప్రపంచకప్ ఫైనల్స్. కాంస్యం కోసం ఎదురైంది ఎల్లా గిబ్సన్, పారిస్‌లో ఒక్క బాణంతో ఓడించిన అమ్మాయే. ఈసారి షూటాఫ్ దాకా పోనివ్వలేదు సురేఖ. 15 బాణాలు, 150. గిబ్సన్ 145. ప్రపంచకప్ ఫైనల్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళా కాంపౌండ్ ఆర్చర్.

అంతకు కొన్ని నెలల ముందే, 2025 ఏప్రిల్‌లో, ఇంకో కబురు వచ్చింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ పెడుతున్నారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆ ఒక్క విభాగమే. పేపరు చదివి నేరుగా కోనేరు సెంటరుకు వెళ్లాను. బాబాయ్‌కి సంగతి చెప్పాను.

"ఎప్పుడంటావు?"

"2028 జులైలో."

"అప్పటికి అమ్మాయికి ఎన్నేళ్లు?"

"32 నిండుతాయి."

బాబాయ్ వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. నా ఫోను చేతిలోకి తీసుకుని, పగిలిన అద్దం మీద బొటనవేలితో రుద్దాడు.

"అప్పటిదాకా ఇది పని చేస్తుందా?" అన్నాడు. "కొత్తది కొనుక్కో అబ్బాయ్. దీంట్లో బాణం కనపడటంలా."